పైన్ పలకల్లో నీలి చారలు: రంగును కాక తేమను చూసి నిర్ణయించండి

మీరు రాసిన వివరాలను బట్టి విషయం ఇది. బెంగళూరులో పిల్లలకు నిచ్చెన ఉన్న ఎత్తు మంచం, పుస్తకాల అరలు చేయించడానికి మైసూర్ రోడ్డు టింబర్ యార్డు వైపు ఒక డిపోలో న్యూజిలాండ్ పైన్ పలకలు కొన్నారు. జూలై వానల్లో ఇంటికి చేరిన ఆ సరుకులో దాదాపు మూడో వంతు పలకలకు బూడిద కలిసిన నీలి చారలు ఉన్నాయి. వడ్రంగి అది పుచ్చిన కలప అని, దానితో పని మొదలుపెట్టనంటున్నాడు. అమ్మినవారు అది చెక్కకు పుట్టుకతో వచ్చే రంగేనని చెబుతున్నారు. సరుకు వెనక్కి పంపాలా, బ్లీచింగ్‌తో ఆ రంగు పోతుందా, పిల్లల గదిలో ఉంచితే హాని ఉంటుందా అని అడిగారు. చాలా ఏళ్లుగా కలప ఆరబెట్టే పనిలో ఉన్నవాడిగా నా సమాధానం రాస్తున్నాను. ఇది కాస్త పొడవుగానే ఉంటుంది, ఎందుకంటే ఈ రంగును చూసి భయపడి మంచి కలపను తగలబెట్టినవారినీ, ఈ రంగును పట్టించుకోకుండా పచ్చి కలపతో సామాను చేయించుకుని నష్టపోయినవారినీ నేను సమానంగా చూశాను.

ముందుగా చెప్పవలసింది ఏమిటంటే, మీ వడ్రంగి మాటా సరి కాదు, అమ్మినవారి మాటా సరి కాదు. ఆ చారలు చెక్కకు పుట్టుకతో వచ్చినవి కావు; చెట్టు కొట్టిన తరువాత, చాలాసార్లు కొట్టిన కొద్ది రోజుల్లోనే, ఒక రకం శిలీంధ్రాలు లోపలికి ప్రవేశించి పెరగడం వల్ల వచ్చినవి. అయితే అవి కలపను పుచ్చిపోయేలా చేసే శిలీంధ్రాలు కావు. పుచ్చు తెచ్చే శిలీంధ్రం చెక్క కణాల గోడలనే, అంటే సెల్యులోజ్‌నూ లిగ్నిన్‌నూ తింటుంది. నీలి మరక తెచ్చే శిలీంధ్రం చెక్క కణాల్లో చెట్టు దాచుకున్న చక్కెరలనూ, పిండి పదార్థాన్నీ, కొవ్వునూ తిని బతుకుతుంది, గోడల జోలికి దాదాపుగా పోదు. ఈ మరకకు శిలీంధ్రమే కారణమని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్ 1878లోనే చెప్పారు, కాబట్టి ఇది కొత్తగా పుట్టిన వాదమేమీ కాదు. ఆఫియోస్టోమా, గ్రాస్మానియా, లెప్టోగ్రాఫియం అనే ప్రజాతులకు చెందినవి ఇందులో ప్రధానమైనవి. న్యూజిలాండ్ రేడియాటా పైన్‌లో వీటితో పాటు డిప్లోడియా సపినియా అనేది కూడా తరచుగా కనిపిస్తుంది. అది బతికి ఉన్న చెట్టులో ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉండి, చెట్టు నేల కూలగానే విజృంభించగలదు.

మీ పలకల్లో ఒకదాని చివరను సన్న పళ్ల రంపంతో అడ్డంగా కోయించి, ఆ కోసిన ముఖాన్ని వెలుతురులో చూడండి. చెట్టు నడుమ ఉండే దూట నుంచి బెరడు వైపు బండి చక్రం ఆకుల్లా సన్నటి కణాల వరుసలు పోతుంటాయి; చెట్టు తన ఆహారాన్ని నిల్వ చేసుకునేది ఎక్కువగా ఆ వరుసల్లోనే. శిలీంధ్రం కూడా ఆ దారినే పట్టుకుని లోపలికి వెళుతుంది కనుక మరక అడ్డకోతలో గుండ్రటి మచ్చగా కాక, బెరడు వైపు వెడల్పుగానూ దూట వైపు సన్నగానూ ఉండే కోణాకారపు చీలికలుగా కనిపిస్తుంది. ఇంకొకటి కూడా గమనించవచ్చు: మరక ఒకచోటికి వచ్చి గీత గీసినట్టు ఆగిపోతుంది. ఆ గీత దాటితే చేవ, అంటే చెట్టు నడిమి ముదురు చెక్క, మొదలవుతుంది. చేవలో ఈ శిలీంధ్రానికి కావలసిన ఆహారమూ ఉండదు, తగినంత తేమా ఉండదు, పైగా జిగురు పదార్థాలు నిండి ఉంటాయి. బెరడు కింది లేత చెక్కకే ఈ బాధ. న్యూజిలాండ్‌లో రేడియాటా పైన్‌ను 25 నుంచి 30 ఏళ్ల వయసుకే కొట్టేస్తారు కాబట్టి ఆ దుంగల్లో చేవ తక్కువ, లేత చెక్క ఎక్కువ. అందుకే తోటల్లో పెంచిన పైన్‌లో ఈ మరక ఇంత విరివిగా కనిపిస్తుంది.

రంగు సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే బ్లీచింగ్ గురించి మీరు అడిగిన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ఈ శిలీంధ్రపు దారాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే నీలంగా ఉండవు, గోధుమ రంగులో ఉంటాయి. ఆ రంగు మెలనిన్‌ది. మన చర్మానికీ జుట్టుకూ రంగునిచ్చే వర్ణకాల కుటుంబమే అది. లేత రంగు చెక్క లోపల చెదరి ఉన్న ఆ ముదురు దారాల మీద వెలుతురు పడి చెల్లాచెదురై తిరిగి వచ్చేటప్పుడు మన కంటికి నీలిబూడిద రంగుగా తోస్తుంది. అంటే చెక్కకు ఎవరో రంగు పులిమినట్టు పైపైన ఉన్న మరక కాదిది, చెక్క మందమంతటా పరుచుకుని ఉన్న శిలీంధ్రపు శరీరమే. చిత్రిక పట్టినా, ఇసుక కాగితంతో రుద్దినా కింద మళ్లీ అదే రంగు తేలుతుంది. ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రావణం పైన అర మిల్లీమీటరు మేర రంగును కొంత పలచబరచగలదు. దాని కోసం చెక్కను తడిపితే గరుకు లేస్తుంది, మళ్లీ ఆరబెట్టాలి, మళ్లీ రుద్దాలి, రుద్దితే తెల్లబడిన పొర పోయి పాత రంగు బయటపడుతుంది. ఈ శ్రమ పెట్టవద్దని నా గట్టి సలహా.

బలం గురించి వడ్రంగికి ఉన్న భయాన్ని తీసిపారేయకూడదు, దానికి కచ్చితమైన సమాధానం ఇవ్వాలి. బాగా మరకపడిన పైన్ లేత చెక్క మీద అమెరికాలో జరిగిన పాత పరీక్షల్లో వంపును తట్టుకునే బలం, నొక్కుడును తట్టుకునే బలం 1 నుంచి 5 శాతం మాత్రమే తగ్గినట్టు తేలింది. అదే దుంగలోని రెండు పలకల మధ్య సహజంగా ఉండే తేడా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. కానీ అకస్మాత్తుగా పడే దెబ్బను తట్టుకునే గుణం మాత్రం 15 నుంచి 30 శాతం దాకా తగ్గవచ్చు. పుస్తకాల బరువును నిలకడగా మోసే అరకు ఈ తగ్గుదల లెక్కలోకి రాదు. సుత్తి పిడికీ, నిచ్చెన మెట్టుకూ, పిల్లలు ఎగిరి దూకే మంచం అడ్డపట్టీకీ లెక్కలోకి వస్తుంది. మీరు చేయించబోయే వస్తువుల్లో రెండు రకాలూ ఉన్నాయి కనుక పలకలను వేరు చేసుకోవలసిన అవసరం ఉంది.

అయితే అసలు ప్రమాదం మరక కాదు, మరకతో పాటు మరేదైనా ఉందా అన్నది. నీలి శిలీంధ్రానికి నచ్చిన పరిస్థితులే పుచ్చు తెచ్చే శిలీంధ్రానికీ నచ్చుతాయి. మొదటిది త్వరగా వస్తుంది, రెండవది ఆలస్యంగా వస్తుంది, అంతే తేడా. కలప చాలాకాలం తడిగా పడి ఉంటే ఒకే పలకలో రెండూ ఉండవచ్చు, నీలి రంగు చాటున తొలిదశ పుచ్చు కంటికి ఆనకపోవచ్చు. దీన్ని పరీక్షించడానికి మంచి పదునైన ఉలి మొననో, దబ్బనాన్నో చెక్క నారకు అడ్డంగా కొంచెం లోతుగా గుచ్చి, పిడిని కిందికి వంచి పైకి పెకలించండి. ఆరోగ్యమైన చెక్క చిటపటమని శబ్దం చేస్తూ పొడవాటి పేళ్లుగా లేస్తుంది, ఆ పేళ్లు ఒక చివర పలకను పట్టుకునే ఉంటాయి. పుచ్చు మొదలైన చెక్క శబ్దం లేకుండా, గుచ్చినచోటనే, పొట్టి ముక్కలుగా తెగిపోతుంది. నీలి చార మీద ఒకచోట, అదే పలకలో తెల్లగా ఉన్నచోట ఒకసారి గుచ్చి రెండింటినీ పోల్చి చూస్తే వడ్రంగికి మీరు వేరే ఏమీ చెప్పనక్కరలేదు. గోధుమ రంగుకు తిరిగి, నారకు అడ్డంగా చిన్న చిన్న గళ్లుగా పగుళ్లు విచ్చిన భాగం ఎక్కడైనా కనబడితే మాత్రం ఆ పలకను గుచ్చి చూడవలసిన పని కూడా లేదు, పక్కన పెట్టేయండి.

నీలి మరకగా పొరబడే రంగులు ఇంకా రెండున్నాయి. మొదటిది బూజు. అది పలక ఉపరితలం మీద ఆకుపచ్చగానో నల్లగానో పొడిపొడిగా ఉంటుంది, బ్రష్షుతో రుద్దితే చాలావరకు రాలిపోతుంది, ఒక్కసారి చిత్రిక పడితే కింద తెల్ల చెక్క కనిపిస్తుంది. రెండవది ఇనుము మరక. మేకుల చుట్టూ, ఇనుప పట్టీలు తగిలినచోట, తడి చెక్కలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నీలినలుపు మచ్చలు పడతాయి. రసాయనాల దుకాణంలో దొరికే ఆక్సాలిక్ ఆమ్లాన్ని నీళ్లలో పలచగా కలిపి ఆ మచ్చ మీద రాస్తే ఇనుము మరక కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది, శిలీంధ్రపు మరక చెక్కుచెదరదు. ఆ ఆమ్లం విషం, కనుక చేతి తొడుగులు వేసుకుని, పిల్లలు లేనప్పుడు వాడండి. తరువాత నీళ్లతో తుడిచేయండి.

ఇక ఈ మరక ఎందుకు వస్తుందో చెబుతాను. కొత్తగా కొట్టిన పైన్ లేత చెక్కలో నీటి బరువు, ఆ చెక్క ఎండు బరువు కంటే ఎక్కువగా ఉంటుంది. అంటే తేమ 100 శాతం దాటి ఉంటుంది. పూర్తిగా నీటితో నిండి ఉన్న చెక్కలో గాలి ఉండదు కాబట్టి శిలీంధ్రం పెరగలేదు. తేమ 20 శాతం లోపుకు దిగిన చెక్కలో నీరు చాలదు కాబట్టి అప్పుడూ పెరగలేదు. ఈ రెండింటి నడుమ, ముఖ్యంగా కణాల గోడలు తడిసి ఉండి కణాల్లో కొంత గాలి చొరబడిన దశలో, 20 నుంచి 30 డిగ్రీల వేడిమిలో అది అత్యంత వేగంగా పెరుగుతుంది. దుంగ నరికి బెరడుతోనే నేల మీద వదిలేసినప్పుడు, ఓడలో వారాల తరబడి మూసి ఉంచినప్పుడు, కోసిన పచ్చి పలకలను గాలి ఆడకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు చెక్క ఆ నడిమి దశలోనే నిలిచిపోతుంది. అనుకూలమైన వాతావరణంలో ఒకటి రెండు వారాలు చాలు, మరక కంటికి కనిపిస్తుంది. మనుషులకు హాయిగా ఉండే బెంగళూరు వేడిమి ఏడాదిలో ఎక్కువ భాగం ఈ శిలీంధ్రానికి కూడా సరిగ్గా సరిపోయేదే. అరకు, లంబసింగి వైపు పైన్ తోటలు చూసినవారు ఎవరైనా, గాలివానకు కూలి కొన్నాళ్లు పడి ఉన్న చెట్టును అడ్డంగా కోస్తే ఇదే చూస్తారు.

శిలీంధ్రం ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు చేరడంలో బెరడు పురుగుల పాత్ర చాలా పెద్దది. దీని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా పనిచేసే సన్నటి రేణువులు, జిగటగా ఉంటాయి; బెరడు కింద సొరంగాలు తొలిచే పురుగుల ఒంటికి అవి అంటుకుని ప్రయాణిస్తాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 1990ల చివర మొదలైన మౌంటెన్ పైన్ బీటిల్ ఉపద్రవం దీనికి ప్రపంచంలోకెల్లా పెద్ద ఉదాహరణ. ఆ పురుగు నోటి దగ్గర శిలీంధ్రాన్ని మోసుకుపోవడానికే ప్రత్యేకమైన సంచుల వంటి నిర్మాణాలు ఉంటాయి. గ్రాస్మానియా క్లావిగెరా వంటి నీలి శిలీంధ్రాలను అది ఆ సంచుల్లో పెట్టుకుని చెట్టులోకి దించుతుంది, అవి చెట్టు నీటి దారులను మూసివేసి దాన్ని చంపడంలో పురుగుకు తోడ్పడతాయి. దాదాపు 1 కోటి 80 లక్షల హెక్టార్ల అడవి ఆ దెబ్బకు లోనైంది. చచ్చిన చెట్ల కలప అంతా నీలంగానే ఉన్నా దాన్ని పారేయలేదు. పరీక్షించి, ఇళ్ల కట్టడానికి వాడారు, కొందరు డెనిమ్ పైన్ అనే పేరుతో ఆ రంగునే గొప్పగా చూపి గది గోడలకూ సామానుకూ అమ్మారు. నీలి చెక్కను నమ్మవచ్చా అన్న ప్రశ్నకు ఇంతకంటే పెద్ద ఎత్తున జరిగిన అనుభవం మరొకటి లేదు.

మన దేశానికి వచ్చే పైన్‌లో చాలా భాగం న్యూజిలాండ్, ఉరుగ్వే, అమెరికా, యూరప్‌ల నుంచి వస్తుంది. దుంగలుగా దిగేది ఎక్కువగా గుజరాత్‌లోని కాండ్లా రేవుకు చేరి, పక్కనే ఉన్న గాంధీధామ్ మిల్లుల్లో కోత పడి లారీల మీద దక్షిణాదికి వస్తుంది. అడవిలో కొట్టిన రోజు నుంచి మీ ఇంటి గుమ్మం దాకా ఆ కలప ఎన్ని వారాలు ప్రయాణించిందో, ఆ మధ్యలో ఏ దశలో ఎవరు దాన్ని కిల్న్‌లో, అంటే కలపను వేడిగాలితో ఆరబెట్టే గదిలో, పెట్టి ఆరబెట్టారో, అసలు పెట్టారో లేదో మీకు ఇచ్చిన బిల్లులో ఉండదు. మీ పలకల్లోని నీలి చార ఆ ప్రయాణంలో ఎక్కడో జరిగిన జాప్యానికి సాక్ష్యం మాత్రమే. ఆ జాప్యం తరువాత కలపను సరిగ్గా ఆరబెట్టి ఉంటే శిలీంధ్రం అక్కడితో చచ్చిపోయో నిద్రాణమయ్యో ఉంటుంది, రంగు మాత్రం మిగిలి ఉంటుంది. ఆరబెట్టకపోతే అది ఇంకా మీ ఇంట్లో పెరుగుతూనే ఉంటుంది. అందుకే రంగును చూసి ఏదీ తేల్చవద్దని అంటున్నాను. తేమను కొలవాలి.

పీణ్య వంటి పారిశ్రామిక ప్రాంతాల నుంచి సరుకులు పేర్చి రవాణా చేసే పాత పాలెట్ల చెక్కలు తెచ్చి సామాను చేయించుకునేవారు కూడా ఈ సమాధానం చదువుతారు కనుక ఒక మాట. పాలెట్ మీద హెచ్‌టీ అనే ముద్ర ఉంటే, చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడిని కనీసం 30 నిమిషాలు తాకించారని అర్థం. అది పురుగును చంపడానికి పెట్టిన నియమం, ఆరబెట్టడానికి పెట్టినది కాదు. ఆ వేడి తరువాత కూడా చెక్క తడిగానే ఉంటే కొత్తగా గాలిలో వచ్చి వాలిన సిద్ధబీజాలు మళ్లీ మొలకెత్తుతాయి. ఎంబీ అని ముద్ర ఉన్నది మిథైల్ బ్రోమైడ్ వాయువుతో శుద్ధి చేసినది. పిల్లల సామానుకు అటువంటి పాలెట్ నేను వాడను.

తేమ కొలవడానికి రెండు సూదులు గుచ్చే మీటరు చాలా డిపోల్లో ఉంటుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. పలక చివర్లు ఎప్పుడూ ముందే ఆరిపోతాయి కాబట్టి చివర నుంచి కనీసం ఒక అడుగు లోపల, చార ఉన్నచోటా లేనిచోటా కొలవండి. మీటరు మీద నమ్మకం లేకపోతే ఇంట్లోనే చేయగల పద్ధతి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. పలక మధ్య భాగం నుంచి ఒక అంగుళం మందాన అడ్డంగా ముక్క కోయించి, పొట్టు దులిపి, వెంటనే వంటింటి డిజిటల్ కాటా మీద తూచి బరువు ఆ ముక్క మీదే పెన్సిలుతో రాయండి. ఓటీజీ ఓవెన్‌లో 100 డిగ్రీలకు కొంచెం పైన ఉంచి, కొన్ని గంటలకోసారి తూస్తూ, బరువు ఇక తగ్గడం ఆగిపోయేదాకా ఆరబెట్టండి. మొదటి బరువులో నుంచి ఎండు బరువు తీసేసి, వచ్చినదాన్ని ఎండు బరువుతో భాగించి 100తో హెచ్చించండి. 118 గ్రాముల ముక్క 100 గ్రాముల దగ్గర ఆగితే తేమ 18 శాతం. ముక్క చిన్నదైతే కాటా పొరపాటు లెక్కను పాడు చేస్తుంది కనుక 100 గ్రాములకు తగ్గకుండా చూసుకోండి. ఓవెన్ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, పొరపాటున వేడి పెంచితే చెక్క మాడుతుంది.

ఇంటి లోపలి సామానుకు బెంగళూరులో 12 శాతం చుట్టుపక్కల ఉన్న కలప కావాలి. ఏ వాతావరణంలో ఏ వస్తువుకు ఎంత తేమ ఉండవచ్చో భారతీయ ప్రమాణం ఐఎస్ 287 ప్రాంతాల వారీగా చెబుతుంది. మీ పలకలు 15 శాతం లోపు ఉంటే నీలి చారతో నిమిత్తం లేకుండా పని మొదలుపెట్టించవచ్చు. 15 నుంచి 20 మధ్య ఉంటే ఆరబెట్టాలి, ఈలోగా శిలీంధ్రం పెరుగుతుందన్న భయం లేదు. 20 దాటితే అది కిల్న్‌లో ఆరిన కలప కాదు, లేదా ఆరిన తరువాత మళ్లీ తడిసిన కలప. 28 దాటితే మాత్రం ఆ సరుకును ఇంట్లో పెట్టుకోవద్దు.

ఆరబెట్టే పద్ధతిలో చిన్న పొరపాట్లే పెద్ద మరకలు తెస్తాయి. నేల నుంచి ఒక అడుగు ఎత్తున దిమ్మెలు పేర్చి, వాటి మీద పలకలను వరుసలుగా పెట్టి, ప్రతి వరుసకూ నడుమ ఒక అంగుళం మందం ఉన్న ఎండు బద్దలు అడ్డంగా వేయాలి. బద్దకూ బద్దకూ మధ్య దూరం ఒకటిన్నర నుంచి రెండు అడుగులు. పై వరుస బద్ద కింది వరుస బద్దకు సరిగ్గా నిలువున రావాలి, లేకపోతే పలకలు వంకర పోతాయి. బద్దలు పచ్చివైతే అవి ఆనిన ప్రతిచోటా అడ్డంగా ఒక నీలి పట్టీ పడుతుంది. పేర్చినదాని మీద రేకు కప్పు ఉండాలి కానీ పక్కలు తెరిచి ఉండాలి. వాన జల్లుకు భయపడి చుట్టూ ప్లాస్టిక్ పట్టా చుట్టేయడం నేను ఈ ఊళ్లో తరచుగా చూసే తప్పు. లోపలి ఆవిరి బయటికి పోలేక చెక్క మీదే నీరై దిగుతుంది, నాలుగు రోజుల్లో బూజు, రెండు వారాల్లో నీలి మరక. టెర్రస్ మీద షెడ్డు లేకపోతే బాల్కనీ లోపలి వైపు పేర్చి సీలింగ్ ఫ్యానో, పెడస్టల్ ఫ్యానో ఆడేలా పెట్టండి.

పిల్లల ఆరోగ్యం గురించి మీ ఆందోళన సహజమైనదే. ఎండిన చెక్క లోపల ఉన్న నీలి శిలీంధ్రం గాలిలోకి ఏదీ వదలదు, ముట్టుకుంటే చేతికి అంటదు, దానిపై పాలిష్ పడ్డాక అది చెక్కలో ఒక రంగు మాత్రమే. ఉపరితలం మీది బూజు వేరు. దాని పొడి పీల్చితే ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారికి బాధ కలుగుతుంది కాబట్టి బూజు ఉన్న పలకలను బయట, మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాకే చిత్రిక పట్టించండి. నాకు రంగు కంటే ఎక్కువ పట్టింపు మరక రాకుండా పూసే మందుల మీద ఉంది. ఒకప్పుడు ప్రపంచమంతటా మిల్లుల్లో పచ్చి పలకలను సోడియం పెంటాక్లోరోఫినేట్ నీళ్లలో ముంచేవారు. దాని విషస్వభావం, దానిలో కలిసి ఉండే డయాక్సిన్లు అనే విష పదార్థాల కారణంగా ఎన్నో దేశాలు మానేశాయి, 2015లో పెంటాక్లోరోఫినాల్‌ను, దాని లవణాలనూ హానికర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చారు. ఇప్పుడు బోరాన్ లవణాలు, క్వాటర్నరీ అమ్మోనియం మందులు, ప్రోపికొనజోల్ వంటివి వాడుతున్నారు. పలక ఏ మందులో ముంచినదని అడిగే హక్కు మీకు ఉంది. సమాధానం చెప్పలేని చోట మచ్చలేని తెల్ల పలక కంటే మందు లేని నీలి పలకను పిల్లల మంచానికి నేను మేలుగా ఎంచుతాను.

మందులు లేకుండా కాపాడే దారులు కూడా ఉన్నాయి. 2005 జనవరిలో గుడ్రున్ తుఫాను స్వీడన్‌లో సుమారు 7 కోట్ల 50 లక్షల ఘనపు మీటర్ల కలపను ఒక్క రాత్రిలో నేల కూల్చినప్పుడు, అంత కలపను వెంటనే కోయడం సాధ్యం కాక, బీహోల్మా వంటి చోట్ల దుంగలను కొండల్లా పేర్చి వాటి మీద నీటిని చల్లుతూ నెలల తరబడి తెల్లగా నిలిపారు. గాలి చొరని చెక్కలో శిలీంధ్రం పెరగదన్న సూత్రమే అక్కడ పని చేసింది. మెలనిన్ తయారు చేయలేని తెల్ల రకపు ఆఫియోస్టోమా పిలిఫెరం శిలీంధ్రాన్ని ముందుగానే దుంగ మీద చల్లి, అది ఆహారాన్ని తినేశాక నీలి రకానికి ఏమీ మిగలకుండా చేసే పద్ధతి కూడా వచ్చింది. ఇది నాకు ఎంతో నచ్చిన ఆలోచన. ఇవేవీ ఇంట్లో చేసేవి కావు, కానీ డిపోలో మచ్చ లేని పైన్ చూసినప్పుడు దాని వెనుక ఎవరో సమయానికి పని చేశారని తెలుసుకోవడం మంచిది. కేరళ నుంచి వచ్చే రబ్బరు చెక్క పలకలకూ ఇదే వర్తిస్తుంది. దానికి లాసియోడిప్లోడియా అనే మరో శిలీంధ్రం పడుతుంది, కోసిన వెంటనే బోరాన్ శుద్ధి చేసి ఆరబెట్టకపోతే రోజుల్లో నల్లబడుతుంది.

వెనక్కి పంపే విషయం. కిల్న్‌లో ఆరినదని చెప్పి అమ్మి, తేమ 20 శాతం దాటి ఉంటే, తూచిన ముక్కను చేతిలో పెట్టుకుని మాట్లాడండి. అది వారు తిరిగి తీసుకోవలసిన సరుకే. తేమ సరిగా ఉండి చారలు మాత్రమే ఉంటే వెనక్కి పంపడం కంటే ధర తగ్గించమని అడగడం న్యాయం, ఎందుకంటే పారదర్శక పాలిష్‌కు పనికిరాని పలకను పాలిష్ పలక ధరకు అమ్మకూడదు. మాట కుదరకపోతే, లేదా పుచ్చు ఉందో లేదో తేలకపోతే, మల్లేశ్వరం 18వ క్రాస్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీని సంప్రదించండి. కలపను గుర్తించడం, పరీక్షించడం వారి పనే.

ఇక మీ పలకల పంపకం. నిచ్చెన మెట్లకూ, మంచం పక్కబద్దలకూ, పరుపు కింది పట్టీలకూ చార లేని, ముడులు లేని పలకలే వాడించండి. నీలి పలకలు పుస్తకాల అరలకూ, వెనుక పలకలకూ, సొరుగుల అడుగులకూ సరిపోతాయి. శిలీంధ్రం కణాల మధ్య దారులు తెరిచేస్తుంది కాబట్టి నీలి చెక్క ద్రవాలను ఎక్కువగా పీల్చుకుంటుంది. జిగురు కొంచెం ఎక్కువ పడుతుంది, పాలిష్ మచ్చలు మచ్చలుగా పడుతుంది. ముందుగా చెక్క రంధ్రాలను మూసే శాండింగ్ సీలర్ పూత రెండు చేతులు వేయించి, మధ్యలో సన్న కాగితంతో రుద్దించండి. రంగు మీకు నచ్చకపోతే ముదురు స్టెయిన్ వేయించవచ్చు, లేదా ప్రైమర్ కొట్టి ఎనామిల్ వేయించవచ్చు. ఏది వేసినా గోడ వైపు ముఖాన్నీ, చివరి అంచులనూ వదలకుండా పలక ఆరు వైపులా వేయమని చెప్పండి. అరలను బయటి గోడకు పూర్తిగా ఆనించకుండా, వెనుక ముప్పావు అంగుళం ఖాళీ ఉండేలా బద్దలు కొట్టి బిగించమనండి. వానాకాలంలో ఆ గోడ చెమర్చినప్పుడు, ఆరిన చెక్క మళ్లీ 20 శాతం తేమ దాటే అవకాశం ఉన్న చోటు అదే.